ఊపిరి వదలడమే కష్టం

మా మొహల్లా మస్జిద్‌లో పాతికేళ్లకు పైగా అజాన్ ఇస్తున్న మౌజన్ సాబ్ ఒకరున్నారు. ఆయన గొంతు వినే మా వీధిలో పొయ్యిలు వెలిగేవి, పిల్లలు నిద్ర లేచేవారు. అజాన్ ఆరంభంలో రెండేసి తక్బీర్లను ఒకే ఊపిరిలో పలకడం ఆనవాయితీ అని మీకు తెలుసు. ఆయన కూడా ఏళ్ల తరబడి అలాగే పలికారు. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను గాని, మొదటి తక్బీరుకూ రెండో తక్బీరుకూ మధ్య ఒక చిన్న విరామం వచ్చి చేరింది. ఆ విరామంలో ఆయన గాలి పీల్చుకునే చప్పుడు మైకులో వినిపించేది. సాగదీసి పలకవలసిన మాటలు క్రమంగా పొట్టివయ్యాయి.

రెండేళ్లపాటు, రోజుకు అయిదుసార్లు, మొహల్లా అంతా ఆ చప్పుడు విన్నాం. ఏమైందని ఒక్కరమూ అడగలేదు. పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పడం నా వృత్తి. ఊపిరి ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో చెప్పేవాణ్ణి నేను. అయినా నాకూ తట్టలేదు. ఒకరోజు అసర్ వేళ ఆయన వుజూ చేసుకుని మెట్ల మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి రొప్పుతుంటే చూసి దగ్గరికి వెళ్లాను. "ఉమర్ హోగయీ మౌల్సాబ్" అన్నారు నవ్వుతూ. వయసైపోయిందట! అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు.

బలవంతం చేసి ఆయనను ఛాతీ వ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "గాలి పీల్చుకోవడం కష్టంగా ఉందా, వదలడం కష్టంగా ఉందా?" మౌజన్ సాబ్ తడుముకోకుండా "పీల్చుకోవడమే" అన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. కాని పరీక్ష చేశాక ఆ జవాబు తప్పని తేలింది. ఎందుకు తప్పో అర్థం కావాలంటే అసలు మనకు ఊపిరి ఎలా ఆడుతుందో కొంత తెలియాలి.

కొలిమి తిత్తి వంటిదే

ఊపిరితిత్తి అన్న మాటలోనే సగం సంగతి ఉంది. తిత్తి అంటే తోలు సంచి. కమ్మరి కొలిమి దగ్గర తోలు తిత్తిని చూసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. తిత్తి తనంతట తాను గాలి పీల్చదు. కమ్మరి పిడి లాగితే అది విచ్చుకుంటుంది. లోపల చోటు పెరుగుతుంది. ఆ చోటులోకి బయటి గాలి వచ్చి చేరుతుంది. ఊపిరితిత్తుల సంగతీ ఇంతే. తమను తాము విప్పుకునే కండరం వాటికి లేదు. మరి పిడి లాగేది ఎవరు?

ఛాతీకీ కడుపుకూ మధ్య గొడుగులా పైకి ఉబ్బి ఒక పలుచని కండరం అడ్డంగా ఉంటుంది. దాన్ని ఉదరవితానం అంటారు. మనం గాలి పీల్చినప్పుడు అది బిగుసుకుని కిందికి దిగుతుంది. అదే సమయంలో పక్కటెముకల మధ్య కండరాలు ఎముకలను పైకీ పక్కలకూ ఎత్తుతాయి. ఛాతీ గది వెడల్పవుతుంది. మామూలు ఊపిరిలో ఉదరవితానం దిగేది ఒకటి రెండు సెంటీమీటర్లే. గట్టిగా పీలిస్తే పది సెంటీమీటర్ల దాకా దిగగలదు. కడుపు నిండా తిన్నాక ఆయాసంగా ఉండటానికి కారణం ఇదే. కింద చోటు లేకపోతే అది ఎక్కడికి దిగుతుంది? కడుపులో ఒక వంతు ఊపిరికి వదలమన్న మహాప్రవక్త (స) హితవు పాఠకులకు తెలిసినదే.

మూసిన చోటు పెరిగితే అందులోని గాలి ఒత్తిడి తగ్గుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. ఛాతీ విచ్చుకున్నప్పుడు జరిగేదీ ఇదే. బయటి గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసమంత అనుకుంటే, మామూలు ఊపిరికి లోపల అది దాదాపు 1 మిల్లీమీటరు తగ్గితే చాలు, గాలి దానంతట అదే లోపలికి ప్రవహిస్తుంది. ఇంత చిన్న తేడా మీదే మన బతుకు నడుస్తున్నది.

ఛాతీ విచ్చుకుంటే లోపలి తిత్తులు ఎందుకు విచ్చుకోవాలి? తడిపిన రెండు గాజు పలకలను ఒకదానికొకటి ఆనించి చూడండి. పక్కకు జరుగుతాయి గాని ఊడిరావు. ఛాతీ గోడకూ ఊపిరితిత్తికీ మధ్య రెండు పలుచని పొరలు, వాటి నడుమ కొద్దిపాటి ద్రవం ఉన్నాయి. అందుకే ఛాతీ ఎటు పోతే తిత్తి అటు పోతుంది. దెబ్బ తగిలి ఆ పొరల మధ్యకు గాలి దూరితే ఊపిరితిత్తి ముడుచుకుపోయేది కూడా ఇందుకే.

గాలి పీల్చడానికి కండరాలు పని చేయాలి. వదలడానికి, మామూలుగానైతే, ఏ కండరమూ పని చేయనక్కర్లేదు. సాగదీసిన రబ్బరు వదిలేస్తే ముడుచుకున్నట్టు ఊపిరితిత్తులు వాటి సాగుడు గుణంతోనే ముడుచుకుని గాలిని బయటికి పంపుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. మౌజన్ సాబ్ జబ్బు ఇక్కడే ఉంది.

గాలీ నెత్తురూ కలిసే చోటు

ముక్కు నుంచి వెళ్లిన గాలి వాయునాళం గుండా చెట్టు కొమ్మల్లా చీలుతూ పోయే గొట్టాలలోకి, చివరికి ద్రాక్షగుత్తుల వంటి వాయుకోశాలలోకి చేరుతుంది. రెండు ఊపిరితిత్తులలో కలిపి ఇవి కోట్ల సంఖ్యలో, దాదాపు 48 కోట్ల దాకా ఉంటాయి. వాటి గోడలను విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న ఇంటి నేలంత పరుచుకుంటాయి. ఆ గోడలకు అవతల నెత్తురు పారుతుంటుంది. ప్రాణవాయువు నెత్తురులోకి, బొగ్గుపులుసు వాయువు గాలిలోకి మారేది అక్కడే.

నెత్తురు ఊపిరితిత్తుల గుండా వెళ్లి గాలితో కలిసి వస్తుందని మొదట స్పష్టంగా రాసినవారు 13వ శతాబ్దపు వైద్యులు ఇబ్నె నఫీస్. దమస్కులో చదివి, కైరోలో వైద్యం చేసి, 1288లో కన్నుమూశారు. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి నెత్తురు మధ్య గోడలోని రంధ్రాల గుండా ఊరుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ కాలం నుంచి నమ్ముతూ వచ్చారు. ఇబ్నె సీనా 'అల్ ఖానూన్' లోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాస్తూ 1242లో ఇబ్నె నఫీస్ ఆ మాటను ఖండించారు. ఆ గోడలో రంధ్రాలు లేవు, నెత్తురు ఊపిరితిత్తుల మీదుగానే వెళ్లాలి అన్నారు. ఆ వ్రాతప్రతి బెర్లిన్‌లో 1924లో ఈజిప్టు వైద్యుడొకరి కంటబడే దాకా లోకం ఈ సంగతి మరచిపోయింది. ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళాలను 1661లో ఇటలీ వైద్యుడు మాల్పిఘి సూక్ష్మదర్శినితో కప్పలో చూశాడు. ఎంతటి పెద్దవారి మాటనైనా పరిశీలించి చూడాలన్నది ఇబ్నె నఫీస్ మనకు వదిలిన పాఠం. "వయసైపోయింది" అన్న మాటను కూడా మనం అలాగే పరిశీలించాలి.

వాడేది అర లీటరు, నిల్వ ఆరు లీటర్లు

ఆరోగ్యవంతుడైన పెద్దవాడు కదలకుండా కూర్చుని ఒకసారి పీల్చే గాలి 500 మిల్లీలీటర్లు. అంటే ఒక పెద్ద గ్లాసుడు. నిమిషానికి 12 నుంచి 16 సార్ల చొప్పున రోజుకు దాదాపు 20 వేల సార్లు ఈ పని జరుగుతుంది. మామూలుగా పీల్చాక ఇంకా బలంగా పీలిస్తే మరో 3,000 మిల్లీలీటర్లు పడుతుంది. మామూలుగా వదిలాక ఇంకా బలంగా ఊదితే మరో 1,100 మిల్లీలీటర్లు వస్తుంది. ఎంత ఊదినా బయటికి రాకుండా లోపలే ఉండిపోయేది 1,200 మిల్లీలీటర్లు. ఇది మిగులు గాలి. అన్నీ కలిపితే 5,800, అంటే ఆరు లీటర్లకు కొంచెం తక్కువ. స్త్రీలలో ఈ లెక్క నాలుగో వంతు దాకా తక్కువగా ఉంటుంది.

మిగులు గాలి వృథా కాదు. అది ఉండబట్టే ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య కూడా నెత్తురుకు ప్రాణవాయువు అందుతుంటుంది. వాయుకోశాలు అతుక్కుపోకుండా ఉంటాయి. అయితే అది హద్దులో ఉండాలి.

నిండుగా పీల్చి, వీలైనంత వదిలితే వచ్చే 4,600 మిల్లీలీటర్లే మనిషి చేతిలో ఉన్న అసలు పెట్టుబడి. దీనికి 'వైటల్ కెపాసిటీ' అని పేరు పెట్టినవాడు ఆంగ్లేయ వైద్యుడు జాన్ హచిన్‌సన్. నీళ్లలో బోర్లించిన గంటలాంటి పాత్రలోకి మనుషుల చేత ఊదించి, ఆ పాత్ర ఎంత లేచిందో చూసి గాలిని కొలిచాడు. నావికులు, మల్లయోధులు, నిరుపేదలు, దొరలు అందరూ కలిసి 2,130 మందిని కొలిచి 1846లో ఆ లెక్కలు ప్రకటించాడు. ఎత్తును బట్టి ఈ గాలి పెరుగుతుందనీ, క్షయ రోగులలో తగ్గిపోతుందనీ చూపాడు. ఆ యంత్రమే స్పైరోమీటరు.

మౌజన్ ఒక పొడుగాటి మాట పలికేటప్పుడు ఖర్చయ్యేది ఈ పెట్టుబడే. నిండుగా పీల్చిన గాలి ఒక్కసారిగా బయటికి పోకుండా, పక్కటెముకల కండరాలు కళ్లెం పట్టినట్టు ఆపి కొంచెం కొంచెంగా వదులుతాయి. పెట్టుబడి తగ్గితే మాట పొట్టిదవుతుంది. మేము రెండేళ్లు విన్నది అదే.

ఇంకో లెక్క కూడా చూడండి. పీల్చిన 500 మిల్లీలీటర్లలో సుమారు 150 ముక్కులోనూ గొట్టాలలోనూ ఆగిపోతుంది. అది నెత్తురును చేరదు. నిమిషానికి 12 సార్లు అర లీటరు చొప్పున పీల్చేవాడు 6,000 మిల్లీలీటర్లు పీలుస్తాడు. అందులో దారిలో పోయేది 1,800, పనికొచ్చేది 4,200. మరొకరు పావు లీటరు చొప్పున 24 సార్లు పీలుస్తారనుకోండి. ఆయన పీల్చేదీ 6,000 మిల్లీలీటర్లే. కాని దారిలో పోయేది 3,600, పనికొచ్చేది 2,400 మాత్రమే. రొప్పే మనిషి శ్రమ ఎక్కువ, రాబడి తక్కువ.

దమ్ము, దమా

ఉర్దూలో దమ్ అంటే ఊపిరి. ఆ మాట తెలుగులోకి వచ్చి దమ్ము అయింది. దమ్మున్నవాడంటే ధైర్యవంతుడు. దమ్ము కొట్టడమంటే బీడీ తాగడం. ఉబ్బసానికి మన ఇళ్లలో వాడే మాట దమా. ఒకే మాట ఊపిరికీ, పొగకూ, ఊపిరాడని జబ్బుకూ చెల్లడం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మౌజన్ సాబ్ కుర్తా జేబులో ముప్ఫై ఏళ్లుగా బీడీ కట్ట ఉండేది.

పొగ రెండు పనులు చేస్తుంది. సన్నని గాలి గొట్టాలను వాచేలా చేసి ఇరుకు చేస్తుంది. వాయుకోశాల గోడలను తినేసి ఊపిరితిత్తుల సాగుడు గుణాన్ని పోగొడుతుంది. పాతబడిన రబ్బరు సాగుతుంది గాని ముడుచుకోదు. గాలి వదలడానికి ఆధారం ఆ ముడుచుకునే గుణమే కదా! అది పోయాక మనిషి బలవంతంగా ఊదాలి. బలంగా ఊదితే, పట్టు తప్పిన సన్నని గొట్టాలు ఆ ఒత్తిడికి మూసుకుపోతాయి. లోపలి గాలి పూర్తిగా బయటికి రాకముందే తర్వాతి ఊపిరి వేళవుతుంది. అలా ఊపిరి ఊపిరికీ కొంత గాలి లోపలే పోగుపడుతుంది. 1,200 ఉండవలసిన మిగులు గాలి రెండు లీటర్లు, మూడు లీటర్లు, ఆపైకి కూడా పోతుంది. ఛాతీ పీపాలా ఉబ్బుతుంది. గొడుగులా ఉండవలసిన ఉదరవితానం ముందే కిందికి దిగి పలకలా ఉంటుంది. ఇక లాగడానికి పిడి ఏదీ?

నిండిన కుండలో నీళ్లు పోయబోతే పొర్లిపోతాయి. కుండకు నీళ్లు పట్టడం లేదని అంటే ఎలా? ముందు అది ఖాళీ కావాలి. రోగికి మాత్రం గాలి పీల్చలేకపోతున్నట్టే ఉంటుంది. అసలు ఇబ్బంది వదలలేకపోవడంలో ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు ఊపిరి వేగం పెరిగి వదిలే వ్యవధి ఇంకా తగ్గుతుంది కాబట్టి అప్పుడే ఆయాసం ముదురుతుంది. ఈ జబ్బును డాక్టర్లు సి.ఓ.పి.డి. అంటారు.

ఇది బీడీ తాగే మగవారి జబ్బే అనుకోవద్దు. మా అమ్మీ జీవితంలో బీడీ ముట్టలేదు. నలభై ఏళ్లు గాలి ఆడని వంటగదిలో కట్టెల పొయ్యి ఊదింది. చివరి రోజుల్లో నాలుగు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. దమా అన్నాం, ఊరుకున్నాం. పొయ్యి పొగ కూడా ఊపిరితిత్తులను ఇలాగే పాడు చేస్తుందని నాకు తెలిసే సరికి ఆమె లేదు. నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్న తల్లులు ఎందరో ఉన్నారు. రోజంతా పీల్చే పొగాకు దుమ్ము వారికీ మంచిది కాదు. గది కిటికీలు తెరిచి కూర్చోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, పసిపిల్లలను ఆ దుమ్ముకు దూరంగా ఉంచడం కనీస జాగ్రత్తలు.

ఆరు సెకన్ల పరీక్ష

మౌజన్ సాబ్‌కు చేసిన పరీక్షలో సూది లేదు, నొప్పి లేదు. ముక్కుకు క్లిప్పు పెట్టారు. నిండుగా పీల్చి, గొట్టంలోకి ఒక్క ఉదుటున ఊది, ఆరు సెకన్ల దాకా ఊదుతూనే ఉండమన్నారు. అలా మూడుసార్లు ఊదించారు. ఆరోగ్యవంతుడు వదిలే మొత్తం గాలిలో 70 నుంచి 80 శాతం మొదటి సెకనులోనే వచ్చేస్తుంది. మౌజన్ సాబ్‌కు ఆ మొదటి సెకనులో సగం కూడా రాలేదు. గొట్టాలను విప్పే మందు పీల్పించి, పావుగంట తర్వాత మళ్లీ ఊదించారు. ఉబ్బసమైతే మందుతో లెక్క బాగా మెరుగుపడుతుంది. ఆయనకు అంతగా మారలేదు.

"వయసు వల్ల కాదా?" అని అడిగారు మౌజన్ సాబ్. డాక్టరు చెప్పిన జవాబు పాఠకులందరికీ పనికొస్తుంది. ఊపిరితిత్తుల శక్తి పాతికేళ్ల లోపు నిండుకు చేరుతుంది. ఆ తర్వాత ఏటా తగ్గుతుంది. మొదటి సెకనులో ఊదే గాలి పొగ తాగనివారిలో సంవత్సరానికి సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. పొగ పడనివారిలో అది రెట్టింపు, ఇంకా ఎక్కువ వేగంతో తగ్గవచ్చు. వయసు ఒక్కటే అయితే మనిషి ఎనభై ఏళ్లకు కూడా మస్జిద్ మెట్లు ఎక్కగలడు. లండన్ కార్మికులను ఏళ్ల తరబడి పరీక్షించి ఫ్లెచర్, పీటో అనే శాస్త్రజ్ఞులు 1977లో మరొక సంగతి చెప్పారు. పొగ మానినవారికి పోయిన ఊపిరి తిరిగి రాదు. కాని అక్కడి నుంచి తరుగుదల పొగ తాగనివారి వేగానికి తగ్గుతుంది. అంటే నలభై ఏళ్లకు మానినవాడికి ఎక్కువ మిగులుతుంది, అరవైకి మానినవాడికి తక్కువ మిగులుతుంది. అయినా ఎంతో కొంత మిగులుతుంది.

మిగిలింది కాపాడుకుందాం

మౌజన్ సాబ్ ఆ రోజే బీడీ కట్ట పారేశారని రాస్తే అబద్ధమవుతుంది. మూడు నెలలు పట్టింది. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టి మానారు. పీల్చే మందు వాడుతున్నారు. డాక్టరు నేర్పిన ఒక చిన్న ఉపాయం ఆయనకు మందుతో సమానంగా పనికొచ్చింది. ముక్కుతో గాలి పీల్చి, వేడి చాయ్ ఊదినట్టు పెదవులు చిన్నగా ముడిచి, పీల్చిన దానికి రెట్టింపు సమయం తీసుకుని నెమ్మదిగా వదలాలి. పెదవుల దగ్గర కొంత అడ్డు ఉంటే లోపలి గొట్టాలు చటుక్కున మూసుకుపోవు. కుండ ఖాళీ అవుతుంది. మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చోవడం కూడా ఊపిరికి సాయమే. మస్జిద్ మెట్ల మీద ఆయన తెలియకుండానే చేసింది అదే.

మూడు మాటలు మనవి చేస్తాను. ఇంట్లో ఎవరికైనా మూడు వారాలు దాటి దగ్గు ఉంటే, ఒకప్పుడు ఎక్కిన మెట్లు ఇప్పుడు ఎక్కలేకపోతుంటే, మాట మధ్యలో గాలి కోసం ఆగుతుంటే, వయసు మీద నెట్టేయకుండా డాక్టరుకు చూపించండి. ఆయాసం గుండె వల్ల, రక్తహీనత వల్ల, క్షయ వల్ల కూడా రావచ్చు. తేల్చవలసింది డాక్టరే. రెండు, పీల్చే మందు వాడేవారు రమజాన్‌లో ఎవరికీ చెప్పకుండా దాన్ని మానేయకండి. ముందే డాక్టరునూ, ఆలిమ్‌నూ సంప్రదించండి. మూడు, వంటగదికి కిటికీ పెట్టించండి. పిల్లలున్న గదిలో బీడీ, సిగరెట్టు వెలిగించకండి.

ఇప్పుడు మా మస్జిద్‌లో ఫజర్ అజాన్ ఒక యువకుడు ఇస్తున్నాడు. జుహర్ అజాన్ మాత్రం మౌజన్ సాబ్‌దే. రెండు తక్బీర్ల మధ్య ఆ విరామం ఇంకా ఉంది. అది పోదని మా ఇద్దరికీ తెలుసు. కాని ఇంకా పెరగలేదు. మొన్న పాఠం జరుగుతుండగా ఒక పిల్లవాడు వాక్యం మధ్యలో రెండుసార్లు గాలి కోసం ఆగాడు. పాత రోజుల్లోనైతే చదువు సరిగా రాలేదని మందలించేవాణ్ణి. ఈసారి పుస్తకం మూయించి, "రాత్రిళ్లు దగ్గు వస్తున్నదా నాన్నా?" అని అడిగాను. వస్తున్నదన్నాడు. సాయంత్రం వాళ్ల అబ్బాను పిలిచి మాట్లాడాను.